పిడికెడు గింజల కుర్చీ

పోయిన నెలలో ఒక పిల్ల ప్రొద్దుటూరులో మా ఇంటిని వెతుక్కుంటూ వచ్చింది. పేరు కీర్తన, పులివెందుల పిల్ల. జమ్మలమడుగు దగ్గర మా చర్చి సంఘాలవాళ్ల యూనివర్సిటీ ఉంది గదా, అందులో పని చేస్తుందట. యూనివర్సిటీ చరిత్రను పుస్తకంగా వేస్తున్నారట, ఇంకా బతికి ఉన్న పాతవాళ్లను కలిసి రాసుకు రమ్మని పంపారట. "ఇంకా బతికి ఉన్న" అనే మాట నోట్లోంచి జారిపడగానే నాలిక కరుచుకుంది. నిజమే గదా పాపా, దాంట్లో తప్పేముంది అన్నాను. నాకు మెత్తగా మాట్లాడటం రాదు, మెత్తగా మాట్లాడేవాళ్లను చూస్తే కొంచెం భయం కూడా. ఆ భయం ఎందుకో ఈ కథ అయ్యేలోపల మీకే తెలుస్తుంది.

ఆ పిల్ల సంచిలోంచి ఒక జిరాక్సు కాగితం తీసి నా ముందు పెట్టింది. అది యూనివర్సిటీ ఇంకా కాలేజీగా ఉన్ననాటి కౌన్సిలు మినిట్సు పుస్తకంలో పేజీ. పైన ఇంగ్లీషులో చేత్తో రాసిన అక్షరాలు, వాటి కింద వరసగా ఏడు సంతకాలు, అన్నిటికంటే కింద ఒక వేలిముద్ర. ముద్ర మధ్యలో అడ్డంగా ఒక తెల్లటి గీత. జొన్న కోతల్లో కొడవలి తగిలి నా ఎడమ బొటనవేలు చీలిన గుర్తు అది. ఇది నీదేనా అవ్వా అని అడిగితే వేలు చాపి చూపించాను. ఆ పిల్ల సంబరపడిపోయి, తాను రాసుకున్నదాంట్లోంచి ఒక వాక్యం చదివి వినిపించింది. "సంఘ స్త్రీలు కౌన్సిలులో తమకున్న స్థానాన్ని ఏకగ్రీవంగా, సంతోషంగా వదులుకున్నారు."

"సంతోషంగా అని ఎవురు చెప్పినారు పాపా?"

"మినిట్సులో ఉందవ్వా. కింద నీ వేలిముద్ర గూడా ఉంది గదా."

"వేలిముద్రలో నవ్విందీ ఏడ్చిందీ కనపడతాదా?"

ఆ పిల్ల పెన్ను కింద పెట్టింది. టీ తాగి, మళ్లీ వస్తాను, అంతా చెప్పాల అని మాట తీసుకుని వెళ్లింది. కాగితం మాత్రం నా దగ్గరే వదిలిపెట్టింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే నాకు కాలేజీ గుర్తుకు రాలేదు. మా అత్త పొయ్యి దగ్గర కూర్చునే చోటు గుర్తుకొచ్చింది.

జమ్మలమడుగుకు ఏటి అవతల మాది చిన్న పల్లె. మా అత్త పేరు సారమ్మ. నేను కాపురానికి వచ్చేనాటికే ఆమె పెద్ద మనిషి, పొడుగాటి మనిషి, ఎప్పుడూ నోట్లో వక్కాకు, నడుముకు కొంగు బిగించి తిరిగేది. ఆ ఇంట్లో పొయ్యి పక్కన మూలకు ఒక కుండ ఉండేది. నల్లటి కుండ, మూతికి గుడ్డ కట్టి, లోపల పురుగు పట్టకుండా నాలుగు వేప రెమ్మలు వేసి ఉండేది. పూటపూటకూ సంగటికి ఎసరు పెట్టేటప్పుడు, జొన్నలు కానీ కొర్రలు కానీ కొలిచి తీసుకున్నదాంట్లోంచి ఒక పిడికెడు ఆ కుండలో వేయాలి. ఆ తర్వాతే మిగిలినవి దంచడానికి పోవాలి. పండిన ఏడూ అంతే, ఎండిన ఏడూ అంతే. గుడ్డ విప్పినప్పుడల్లా వేపాకు చేదు వాసన, కొర్రల దుమ్ము వాసన కలిసి ముక్కుకు తగిలేవి. మా ఆయన బండల గనిలో కూలికి పోయేవాడు, ఇంటికి వస్తే ఒంటి నిండా రాతి పొడి వాసన. ఆ మూడు వాసనలు కలిస్తేనే నాకు ఇల్లు. ఇప్పుడు ఈ ప్రొద్దుటూరు ఇంట్లో అన్నీ స్టీలు డబ్బాలు, మూత తీస్తే ఏ వాసనా రాదు.

పిడికెడు అంటే ఎంత అనే దాని మీద మా ఇంట్లో రోజూ పంచాయితీనే. నేను వేసే పిడికెడును అత్త ఓరకంట చూసేది. "నీ కడుపుకు తీసేటప్పుడు చెయ్యి చాటంత ఐతాది, దేవునికి తీసేటప్పుడు చెంచా ఐతాది. యాడ నేర్చుకున్నావే ఈ ఇద్దె?" అనేది. నా చెయ్యే చిన్నది అత్తా అంటే, "ఐతే రెండుసార్లు తియ్యి, దేవుడేమీ వద్దనడు" అనేది. నెలకు ఆఖరి ఆదివారం ఆరాధన అయినాక ఊళ్లో ఆడవాళ్లంతా తమ కుండలు తెచ్చి గుడి ముందర దుప్పటి మీద కుమ్మరించేవాళ్లు. జొన్నలు, కొర్రలు, సజ్జలు, ఎవరింట్లోనైనా పెళ్లి జరిగి ఉంటే కొన్ని బియ్యం, అన్నీ కలిసిపోయేవి. మా పేటవాళ్లే కాదు, ఊరి బయట గొర్రెలు మేపుకునే ఓబులమ్మ కూడా చెంబుతో కొర్రలు తెచ్చి పోసేది. ఆమె మా గుడిలోకి వచ్చే మనిషి కాదు. మీకెందుకు ఓబులమ్మా అని పాస్టరు అయ్యగారు మొహమాటపడితే, "మీ దేవుడు తింటాడా ఏందయ్యా? తినేది పిల్లోల్లు గదా. పొయ్యనీ" అని దుప్పటి మీద వంచేసి పోయేది.

ఆ గింజలు ఎద్దుల బండి మీద జమ్మలమడుగులో మిషను హాస్టలుకు పోయేవి. ఈ రోజు ఆరంతస్తుల యూనివర్సిటీకి మొదలు అదే. దాని పుట్టుక గురించి మా అత్త చెప్పే చరిత్ర ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్ల అవ్వ కాలంలో పెద్ద కరువు వస్తే దొరలు గంజి పోశారట. గంజికి వచ్చిన పిల్లలను ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని ఒక దొరసాని వాళ్ల చేత పాటలు పాడించి, పాటల తర్వాత అక్షరాలు దిద్దించిందట. కరువు పోయింది, దొరసాని పోలేదు. అక్షరాల కొట్టం బడి అయింది, బడి పంతుళ్లను తయారుచేసే ఇస్కూలైంది, అది కాలేజీ అయింది. దొరల దగ్గర గోడలు కట్టడానికి ఉండేది కానీ, అన్ని ఊళ్ల పిల్లలకు ఏడాదంతా కూడు పెట్టడానికి ఉండేది కాదు. అప్పుడు సంఘాల ఆడవాళ్లు పిడికెడు పెట్టడం మొదలుపెట్టారు. ఆ దొరసాని తన దేశానికి వెళ్లిపోయే ముందు నియమావళిలో ఒక మాట రాయించి పోయింది. కాలేజీని నడిపే కౌన్సిలులో పాస్టర్ల తరఫున, పంతుళ్ల తరఫున, పెద్దల తరఫున సభ్యులు ఉన్నట్టే, హాస్టలుకు గింజలు పెట్టే ఆడవాళ్ల తరఫున ఒక ఆడమనిషి కూర్చోవాలి, ఆమెకు చదువు లేకపోయినా సరే, సంతకానికి బదులు వేలిముద్ర చాలు అని. మా చుట్టుపక్కల ఊళ్లలో దాన్ని గింజల కుర్చీ అనేవాళ్లు. పన్నెండేళ్లు ఆ కుర్చీలో మా అత్త కూర్చుంది.

ఆమె అక్కడ ఏం చేసిందో ఒక్కటి చెప్తాను. కాలేజీ ముందర గంటల గడియారం పెట్టడానికి ఒక ఎత్తైన స్తంభం కట్టాలని కౌన్సిలులో అందరూ సరేనన్నారట. ఆఖరున, మీరేమంటారు సారమ్మా అని మాటవరసకు అడిగారట. "కట్టండి అయ్యా, శానా బాగుంటాది. కానీ ముందు ఆడపిల్లోల్లకు దొడ్డి కట్టండి. గడియారం చూసుకుంటా ఎంతసేపని ఓర్చుకుంటారు?" అందట. ఆ ఏడు ఆడపిల్లల హాస్టలు వెనక ఆరు మరుగుదొడ్లు లేచాయి, గడియారం మూడేళ్లు ఆగింది. మా అత్తకు ఒక్క అక్షరం రాదు. కానీ ఆ కుర్చీ మీద ఆమె కూర్చుందంటే అన్ని ఊళ్ల పొయ్యిలు కూర్చున్నట్టే.

మోకాళ్లు పట్టేసి ఏరు దాటడం కష్టమైనప్పుడు, నెలాఖరు ఆదివారం ఆడవాళ్ల ముందు నన్ను నిలబెట్టి ఇంక నా బదులు ఇది పోతాది అనింది. అప్పటికి నాకు ఇరవై ఆరో ఇరవై ఏడో. నేను రానంటే రానని ఏడ్చాను. "ఏడ్చేదానికి ఏముండాదే? వాండ్లు ఇంగిలీషులో మాట్లాడతారు. మాట్లాడనీ. మనకు అర్థం గానప్పుడు ఆపి అడగాల. అడిగేదానికే మనం పోయేది" అని చెప్పి పంపింది. ఆ ఒక్క మాట నేను గుర్తుపెట్టుకుని ఉంటే ఈ రోజు ఇది రాసే పని ఉండేది కాదు.

కౌన్సిలు గదిలో పొడుగాటి టేకు బల్ల, చుట్టూ కుర్చీలు, కిటికీ పక్కన మా కుర్చీ. కప్పూ సాసరుతో టీ ఇచ్చేవాళ్లు. కప్పు చప్పుడు చేస్తుందేమోనని భయపడి నేను చల్లారేదాకా ముట్టుకునేదాన్ని కాదు. మొదట ప్రార్థన, తర్వాత ఇంగ్లీషు, ఆఖరున మళ్లీ ప్రార్థన. ప్రిన్సిపాలు అయ్యగారు కృష్ణా జిల్లా మనిషి, తెల్లటి పంచె, మెత్తటి మాట. ఎండలో గొడుగు వేసుకుని మా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి, ఆడపిల్లలను చదువుకు పంపండమ్మా అని బతిమాలిన మనిషి. ఆయన మంచివాడు. ఇది చదివి ఆయనను తిట్టుకునేవాళ్లు ఎవరైనా ఉంటే నాకు ఇష్టం ఉండదు. ఆయనకొక అలవాటు ఉండేది. మీటింగులో అనుకున్న తీర్మానాలన్నిటినీ ఆఖరి ప్రార్థనలో ఒక్కొక్కటే దేవుని ముందు పెట్టేవారు. ఈ ఏడు బావి తవ్వాలనుకుంటే, ప్రభువా ఆ బావిని ఆశీర్వదించుము అనేవారు. అందరూ ఆమెన్ అనేవాళ్లు, ఆ వెంటనే పుస్తకం బల్ల చుట్టూ సంతకాలకు తిరిగేది. ఆ కాలేజీలో అన్ని తీర్మానాలూ ఏకగ్రీవమే. ప్రార్థనకు ఆమెన్ అనని మనిషి మా సంఘాల్లో ఎక్కడ ఉన్నాడు?

నేను పోయిన మూడో మీటింగు అది. ఆ రోజు ఇంగ్లీషు శానా సేపు నడిచింది. మధ్యలో ఎవరో ఒకాయన నా వైపు చూసి తల ఊపాడు, నేనూ ఊపాను. ఆఖరున అందరూ కళ్లు మూశారు. ప్రిన్సిపాలు అయ్యగారు తెలుగులో ప్రార్థన మొదలుపెట్టారు. "ప్రభువా, ఇన్నాళ్లు తమ నోటి ముద్దలోనుండి పిడికెడు తీసి నీ యింటికి పెట్టిన నీ దాసురాండ్రను జ్ఞాపకము చేసికొనుము. వారి భారమును నేటితో దించుము. అలసిన వారి చేతులకు విశ్రాంతి దయచేయుము" అన్నారు. ఆయన గొంతు వణికింది. నాకు మా అత్త చేతులు కళ్ల ముందుకు వచ్చాయి. మాలాంటివాళ్ల గురించి ఇంత పెద్ద మనిషి దేవుని దగ్గర ఏడుస్తున్నాడే అని నేనూ ఏడ్చాను. ఆ గదిలో అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే. పుస్తకం నా ముందుకు వచ్చింది, వేలికి సిరా పూశారు, ఒత్తాను. ఎవరో నాకు ఇంకో కప్పు టీ పోసి, ఇంక హాస్టలుకు సర్కారే బియ్యం ఇస్తుందమ్మా అని చెప్పారు.

ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాను. అత్త వాకిట్లో చెనక్కాయలు వలుస్తూ కూర్చుంది.

"అత్తా, ఇంక మనం పిడికెడు పెట్టే పనిల్యా! సర్కారు హాస్టలుకు బియ్యం ఇస్తాదంట. అయ్యగారు మన కోసం ప్రార్థన చేసినాడు, నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి."

అత్త చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది. "కుండ వద్దన్నారా?"

"వద్దన్నారు. మనకు భారం గదా అని."

"మరి కుర్చీ?"

నాకు అర్థం కాలేదు. అది ఎందుకు పోతాది అన్నాను.

"కుర్చీ నీకిచ్చింది దేనికే? నీ మొగం జూసి ఇచ్చినారా? కుండ వద్దన్నోడు కుర్చీ ఉంచుతాడా? నువ్వు అడిగినావా?"

అడగలేదు. ప్రార్థనలో ఎట్లా అడుగుతాను? అత్త నా వేలి మీద సిరా చూసింది. చాటలో ఉన్న కాయలన్నీ అట్లాగే వదిలి లేచి లోపలికి పోయింది. ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, రెండు ఎండాకాలాలు దాటేదాకా.

పిడికెడు పెట్టడం మాత్రం ఆమె మానలేదు. ఊళ్లో ఎవరినీ మాననివ్వలేదు. ఆ నెలాఖరున కూడా దుప్పటి నిండింది, బండి కట్టారు, నేను బండి వెంట పోయాను. హాస్టలు స్టోరు గది తాళం వేసి ఉంది. వంటాయన బయటికి వచ్చి, మీ గింజలు ఇంక వద్దని ఆర్డరు వచ్చిందమ్మా, సర్కారు మూటలు పెట్టేదానికే చోటు చాలడంల్యా అన్నాడు. మా గుడి కట్టినప్పటినుంచి వెనక్కి తిరిగి వచ్చిన బండి అదొక్కటే. ఏటి ఇసకలో ఎద్దులు అంత బరువుగా నడవడం నేను మళ్లీ చూడలేదు. ఊళ్లో ఆడవాళ్లు బండి దగ్గరికి వచ్చి ఎవరి గింజలు వాళ్లకు ఎట్లా పంచుతామని నిలబడిపోయారు. అన్నీ కలిసిపోయి ఉన్నాయి. జొన్న ఏది, కొర్ర ఏది, అందులో ఎవరిది ఏది? ఒక ముసలామె నా వైపు చూసి, "సారమ్మ పన్నెండేండ్లు కాపాడింది. కోడలు ఒక టీకి ఇచ్చేసొచ్చింది" అనింది. అత్త పక్కనే ఉంది. ఆమె ఒక్క మాట నా తరఫున అని ఉంటే చాలు. అనలేదు.

ఇంట్లో మేం ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర కూర్చుని మేకతో మాట్లాడుకునేవాళ్లం. వాకిట్లో ఒక నల్ల మేక కట్టేసి ఉండేది. "మేకా, పొయ్యి ఆరిపోతాందని చెప్పు" అనేది అత్త. "మేకా, నేను చూస్తాండానని చెప్పు" అనేదాన్ని నేను. "మేకా, ఊరుబిండిలో ఉప్పు ల్యా. కొందరికి ఉప్పు గూడా ప్రార్థన చేస్తే పడతాదేమో" అనేది. మా ఆయన అన్నం తింటూ, మీ ఇద్దరి మధ్యలో ఆ మేకకు మెట్రిక్ పాసయ్యేంత తెలివి వచ్చేట్టుంది అని నవ్వేవాడు. మేమిద్దరం నవ్వేవాళ్లం కాదు. నాకు తిట్టే అత్త కావాలి. నా పిడికెడు చిన్నదని తిట్టే అత్త. ఇప్పుడు నేను ఎంత పిడికెడు వేసినా ఆమె చూడటం మానేసింది.

ఒక రోజు హాస్టలు మేట్రన్ గ్రేసమ్మ టీచరు దగ్గరికి పోయి, నేను వేలు ఒత్తిన ఆ కాగితంలో ఏముందో నాకు చదివి చెప్పమని అడిగాను. గ్రేసమ్మ టీచరు పెళ్లి చేసుకోలేదు, అరవై మంది ఆడపిల్లలకు ఆమే తల్లి, చేతిలో ఎప్పుడూ తాళాల గుత్తి. ఆమె, "నేను చదివి చెప్తే నమ్ముతావా ఎస్తేరూ? పోయినసారి గూడా ఇంకొకరు చెప్పిందే గదా నువ్వు నమ్మింది" అనింది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. మరి నేనేం చేయాల అన్నాను. రేపటినుంచి చెనక్కాయలు వలిచే పనికి రా, మిగిలింది నేను చూసుకుంటా అనింది.

నా బడి హాస్టలు వెనక వసారా. పలకా లేదు, బలపమూ లేదు. కింద పరిచిన నల్ల బండలే నా పలక. మా ఆయనలాంటివాళ్లు గనిలో పగలగొట్టి పంపిన బండలు అవి. గ్రేసమ్మ టీచరు కాలేజీలో అరిగిపోయిన చాక్పీసు ముక్కలు పోగుచేసి ఇచ్చేది. ఒక బండకు ఒక అక్షరం. వలిచే కాయలు ఒడిలో, చాక్పీసు చేతిలో. సాయంత్రం తడిగుడ్డతో తుడిచేసి పోవాలి. మొదట్లో తుడవాలంటే ప్రాణం పోయేది, రేపటికి ఈ అక్షరం నాకు గుర్తుండదేమోనని. హాస్టలు పిల్లలు వసారాలోకి వస్తూ నా అక్షరాలు తొక్కకుండా బండల సందుల్లో కాళ్లు వేసి గెంతుతూ పోయేవాళ్లు. "అక్కా, నీ 'ఖ' పడుకోనుండాది, లేపు" అని ఎగతాళి చేసేవాళ్లు. చెనక్కాయ పొట్టు వాసన, చాక్పీసు పొడి, తడి బండ మీదనుంచి లేచే చల్లదనం. నా జీవితంలో ఏ రోజులకైనా తిరిగి పొమ్మని ఎవరైనా అంటే నేను ఆ వసారాకే పోతాను. ఆ రోజుల్లో నా మెడ మీద అంత అవమానం ఉంది, ఇంటికి పోతే పలకరించే మనిషి లేదు, అయినా అక్కడికే పోతాను. ఎందుకో నాకు తెలియదు.

ఏడాదిన్నర పట్టింది. నియమావళి తెలుగులో కూడా అచ్చయి ఉందని, మారిన ముక్క కూడా అందులో అతికించారని గ్రేసమ్మ టీచరే వెతికి తెచ్చింది. నా చేత్తో నేనే దాన్ని ఒక నోటుబుక్కు కాగితం మీద ఎత్తిరాసుకుని ఇంటికి తెచ్చాను. అత్త పొయ్యి ముందర కూర్చుని ఉంది. నేను గడపలో కూర్చుని మేక వైపు తిరిగి చదివాను. "సంఘముల స్త్రీలు ఇకమీదట ధాన్యము సమర్పింపవలసిన అవసరము లేనందున, ఆ హేతువుచే ఏర్పడిన సభ్యత్వమును రద్దుచేయుటకు స్త్రీల ప్రతినిధి సంతోషముతో సమ్మతించిరి." కూడబలుక్కుని చదివేసరికి ఎసరు తెర్లి పొంగిపోయింది. అత్త మూత తీయలేదు. అంతా విని, చివరికి లేచి, సంగటి కెలికి, ముద్ద చేసి నా పళ్లెంలో పెట్టింది. మాట మాత్రం లేదు.

ఆ ఎండాకాలం వార్షిక సభ జమ్మలమడుగులో జరిగింది. పులివెందుల వైపు నుంచి, కమలాపురం వైపు నుంచి అన్ని సంఘాలూ వచ్చాయి. ఏడాదికి ఒక్క రోజు, సభ ముగిసే ముందు, ఏ సంఘంవాళ్లైనా లేచి కాలేజీ గురించి మాట్లాడవచ్చు. నేను పోతానని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తెల్లవారి బయలుదేరేసరికి అత్త స్నానం చేసి, ఉతికిన తెల్ల చీర కట్టుకుని, చేతికర్ర పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. ఆ మోకాళ్లతో ఏరంతా నా వెనకే నడిచింది.

నా వంతు వచ్చినప్పుడు కాగితం విప్పాను. అక్షరాలు ఒకటి మీద ఒకటి ఎక్కాయి. మగవాళ్ల వైపు నుంచి ఎవరో, ఏమ్మా తెల్లారేలోపల ఐతాదా అన్నాడు, కొందరు నవ్వారు. నేను ఆగి, "ఐతాదిలే అప్పా. నువ్వు పుట్టి ఇన్నేండ్లైంది, నేను చదవబట్టి రెండేండ్లు గూడా కాల్యా" అన్నాను. ఈసారి ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వుతో నాకు ఊపిరి వచ్చింది. ఆఖరిదాకా చదివాను. చదివి, "ఈడ సంతోషంతో ఒప్పుకున్యాదని రాసినారు. ఆ ఆడమనిషిని నేనే. నేను ప్రార్థనకు ఆమెన్ అన్న్యా. దీనికి అనల్యా. నన్ను ఎవురూ అడగల్యా, నేనూ అడగల్యా. మీ తప్పు మీది, నా తప్పు నాది. సంతోషం అనే మాట మాత్రం అబద్ధం. అది తీసెయ్యండి. మా కుర్చీ మాకు ఇయ్యండి" అన్నాను.

ప్రిన్సిపాలు అయ్యగారు లేచారు. కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. "ఎస్తేరమ్మా, ఆ రోజు మీ కళ్లలో నీళ్లు చూసి మీరు ఒప్పుకున్నారనే అనుకున్నానండి. విడిగా అడగాల్సింది, అడగలేదు. కొత్త నియమావళికి పైనుంచి అనుమతి వచ్చేసింది, కుర్చీ తిరిగి ఇవ్వడం నా చేతుల్లో లేదు. మీరు చెప్పింది మాత్రం మినిట్సులో రాయిస్తాను" అన్నారు. సెక్రెటరీ రాయడం నేను కళ్లారా చూశాను. ఇంగ్లీషులో రాశాడు. నేను నేర్చుకున్నది తెలుగు.

కీర్తన రెండోసారి వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. తర్వాత వారం ఫోను చేసింది. ఆ వార్షిక సభ మినిట్సు దొరికాయట, ఎంతమంది వచ్చారో, ఏ పాట పాడారో అంతా ఉందట, నేను మాట్లాడింది మాత్రం ఒక్క ముక్క లేదట. పేజీ చిరిగిపోలేదట, అసలు రాయనే లేదట. పుస్తకంలో "సంతోషంగా" అనే మాట తీసేస్తానవ్వా, నువ్వు చెప్పింది నీ పేరుతో వేస్తాను, యూనివర్సిటీ నడిపే కమిటీ ఒప్పుకోవాల అనింది. ఆ కమిటీలో ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారట, పెద్ద చదువులు చదివినవాళ్లు. ఉండనీ, మంచిదే. నియమావళి అంతా వెబ్‌సైటులో పెట్టారట, ఎవరైనా చదువుకోవచ్చట. నువ్వు చదివినావా పాపా అంటే నవ్వింది. ఒకసారి ఆ పిల్లే నన్ను కారులో తీసుకుపోయి చూపించింది. గేటు దగ్గర నా ఆధార్ కార్డు అడిగారు. హాస్టలు మెస్సులో ఇడ్లీలు బకెట్లకు బకెట్లు పారబోస్తున్నారు. పిల్లలు బాగున్నారు, బలంగా ఉన్నారు, ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా గట్టిగా మాట్లాడుతున్నారు. నాకు కుళ్లు లేదు. కానీ అక్కడ ఏది ఎట్లా నడుస్తుందో మా ఊరివాళ్లకు ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరూ అనుకోరు. ఆ రోజుల్లో హాస్టలులో ఒక పిల్లకు జ్వరం వస్తే నాలుగు ఊళ్ల పొయ్యిల దగ్గర దాని గురించి మాట్లాడుకునేవాళ్లం. మా గింజ తిన్న పిల్ల గదా.

కీర్తనకు చెప్పనిది ఒకటి ఉంది. యూనివర్సిటీ చరిత్రలో దానికి చోటు లేదు కాబట్టి చెప్పలేదు.

సభ అయిపోయి మేమిద్దరం ఏరు దాటి ఊరికి పోతున్నాం. మధ్యాహ్నం ఎండ, ఏరంతా ఇసక, కాళ్లు కాలిపోతున్నాయి. కుర్చీ రాలేదు. ఊళ్లో ఆడవాళ్లకు ఏం చెప్పాలో తెలియక నేను తల వంచుకుని నడుస్తున్నాను. నడిమి ఏట్లోకి వచ్చేసరికి వెనక అడుగుల చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే అత్త కర్ర పక్కన పెట్టి, ఆ మోకాళ్లను బలవంతంగా మడిచి, ఇసకలో కూర్చుని చేతులతో చెలమ తోడుతోంది. నేను తోడతాను లెమ్మని చెయ్యి పెట్టబోతే మోచేత్తో నెట్టేసింది. మోచేతి లోతుకు నీళ్లు ఊరాయి. మొదట ఊరిన బురద నీళ్లు పారబోసింది. మళ్లీ ఊరేదాకా కూర్చుంది, మళ్లీ పారబోసింది. మూడోసారి నీళ్లు తేటపడ్డాయి. రెండు చేతులూ దోసిలి చేసి ముంచి, తాను తాగకుండా నా నోటి దగ్గరికి ఎత్తింది.

"తాగే. శానా సేపు మాట్లాడినావు" అనింది.